రూల్స్ పుస్తకం ఉన్నవాడిదే బర్రె

యుద్ధాన్ని ఫిరంగులు గెలిపిస్తాయని ఒకరు, గుర్రాలు గెలిపిస్తాయని ఇంకొకరు, అంతా అదృష్టమని మరొకరు పుస్తకాలు రాశారు. వీళ్లెవరూ ఆదివారం మధ్యాహ్నం పటమటలో ఒక మేడమీద గదిలో బొమ్మల యుద్ధం ఆడినవాళ్లు కారు. ఆడి ఉంటే ఇన్ని పుస్తకాలు అవసరమయ్యేవి కావు. రూల్స్ పుస్తకం ఎవరి చేతిలో ఉంటే యుద్ధం వాళ్లది. అంతే.

ఈ విద్య తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. సైనికులు 28 మిల్లీమీటర్ల ఎత్తుంటారు. వాళ్లకు కోటు గుండీలతో సహా మనమే రంగులేసుకోవాలి. టేబుల్ మీద పచ్చగుడ్డ పరిచి, ఊళ్లూ చెట్లూ పెట్టి, దర్జీ టేపుతో అంగుళాలు కొలుచుకుంటూ పటాలాలను జరపాలి. ఎవరు చచ్చారో, ఎవరు పారిపోయారో పాచికలు చెబుతాయి. తుపాకీ పేలిన చోట పొగ గుర్తుగా దూది పెడతారు కాబట్టి ఫ్యాన్ వెయ్యకూడదు. మే నెలలో, బెజవాడలో, ఫ్యాన్ ఆపేసుకుని, చొక్కాలు వీపుకి అంటుకుపోయినా సరే అంగుళం పావు దగ్గర రాజీపడని పెద్దమనుషులను చూస్తే ఈ దేశ రక్షణ గురించి నాకు బెంగ లేకుండా పోయింది.

ఈ మధ్య మా బృందానికి కొత్త రూల్స్ వచ్చాయి. పాతవి అందరికీ వచ్చేశాయి, ఇక మార్చక తప్పలేదు. అందరికీ రూల్స్ తెలిసిన ఆటలో ఎవరు గెలుస్తారో ముందే చెప్పలేం. అది క్రమశిక్షణకు మంచిది కాదు.

మరి కొత్తవి నేర్చుకోవడం ఎలా? "చదివితే ఏం వస్తుందండీ, ఒక్క యుద్ధం ఆడితే అన్నీ అవే వచ్చేస్తాయి" అని సెలవిచ్చారు మాస్టారు. ఆ పుస్తకం చదివింది మా అందరిలో ఆయన ఒక్కరే. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మనం బండి నేర్చుకున్నదీ ఇలాగే. బెంజ్ సర్కిల్ దగ్గర కాసేపు నిలబడి చూడండి, ఒక్కడైనా పుస్తకం చదివి రోడ్డెక్కినట్టు కనిపిస్తాడేమో.

నేర్చుకోవడానికి చందుర్తి యుద్ధాన్ని ఎంచుకున్నారు. పిఠాపురం దగ్గరి ఊరే. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ మన సర్కారు జిల్లాల కోసం కొట్టుకున్నారు. ఇటు ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్, అటు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్. ఫోర్డ్‌కి తోడు విజయనగరం ఆనంద గజపతి రాజు. ఇంగ్లీషువాళ్ల దగ్గరున్న ఎర్రకోట్ల దేశీ సిపాయిలను చూసి అసలు ఇంగ్లీషు పటాలం అదేననుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీదకి ఉరికారు. అసలు పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. తర్వాత ఏమయిందో చెప్పక్కర్లేదు, దాదాపు నాలుగు నెలలకే మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువాళ్ల పాలయింది. మాస్టారు ఇంగ్లీషు పక్షం తీసుకున్నారు. "నేర్పేవాడు తేలికైన పక్షం తీసుకోవాలి, నేర్చుకునేవాళ్లకి సవాలు ఉండాలి కదా" అన్నారు. ఎంత విశాల హృదయం!

ఫ్రెంచి సేన ఆడిటర్ గారికి దక్కింది. బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రాడికి ఆనంద గజపతి సేననిచ్చారు. ఆ సేన కదలాలంటే ముందు ఆరు పడాలట. చరిత్రలో కూడా ఆ రోజు వాళ్లు పెద్దగా చేసిందేమీ లేదు కాబట్టి ఇది చాలా శాస్త్రీయమైన రూల్. భోజనాల వేళ దాకా ఆరు పడలేదు. ఆ కుర్రాడు ఈలోగా కింద కొట్టు నుంచి టీలు, మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. రెండు సార్లు తెచ్చాడు. సప్లై లైన్లు ఎంత ముఖ్యమో అతనికి తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియలేదు.

రాజుగారి ఏనుగు బొమ్మ మా దగ్గర లేదు. కొండపల్లి అంబారీ ఏనుగును తెచ్చి నిలబెట్టారు. పొనికి చెక్క, తొండం మీద కొంచెం రంగు లేచింది, అయినా దర్జాగానే ఉంది. చిక్కేమిటంటే సైనికుల తలలు దాని మోకాళ్ల దాకానే వస్తాయి. "అంత ఎత్తున్నది టేబుల్ మీద ఎక్కడి నుంచైనా కనబడుతుంది, కాబట్టి దాన్ని ఎవరైనా కాల్చవచ్చు" అని మాస్టారు తీర్పు చెప్పారు. ఫ్రెంచివాళ్లు కాల్చారు. అప్పుడు దాని వెనకాల ఉన్న ఇంగ్లీషు ఫిరంగులు మాత్రం ఏనుగు అడ్డం కాబట్టి కనబడవట. కనబడటానికీ కనబడకపోవటానికీ పేజీ నంబర్లు వేరువేరు.

ఆడిటర్ గారు సిపాయిల మీదకి ఉరికారు. చేను అనుకున్న పచ్చ స్పాంజీ ముక్కను మాస్టారు మెల్లగా ఎత్తారు. దాని కింద మొత్తం పటాలం, బారులు తీరి.

"ఇది అన్యాయం మాస్టారూ!"

"ఇది చరిత్ర అండీ."

"మరి చరిత్రలో అక్కడ నాకు ఫిరంగులున్నాయిగా?"

"ఉన్నాయి. రూల్స్ ప్రకారం ఈ టర్న్‌లో పేలవు."

రూల్ అడిగితే చరిత్ర చూపిస్తారు, చరిత్ర అడిగితే రూల్ చూపిస్తారు. పాతికేళ్లుగా కంపెనీల లెక్కల్లో అడుగున ఉండే చిన్నక్షరాలు చదివి బతుకుతున్న ఆడిటర్ గారు చెయ్యి చాపి, "ఒకసారి ఆ పుస్తకం ఇలా ఇవ్వండి" అన్నారు. గదిలో టెన్షన్. "ఇస్తానండీ, ఈ టర్న్ అవ్వనివ్వండి" అని మాస్టారు పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నారు. ఆ టర్న్ ఇంకా అవ్వలేదు.

దీన్ని మోసం అనేవాళ్లకు ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు తెలియవు. జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే యువ అధికారి 1824లో సైన్యం కోసం టేబుల్ యుద్ధానికి రూల్స్ అచ్చు వేయించాడు. పాచికలు, పట్టికలు, లెక్కలు, అన్నీ పద్ధతిగా ఉండేవి. కొన్నేళ్లకు సైన్యంలో చాలామందికి ఆ పట్టికలు విసుగెత్తాయి. 1876లో వెర్డీ దు వెర్నువా అనే సేనాని ఏమన్నాడయ్యా అంటే, ఆ పట్టికలన్నీ తీసి అవతల పెట్టండి, అనుభవం ఉన్న అంపైర్ చెప్పిందే ఫలితం అన్నాడు. అంటే జర్మన్లు అర్ధశతాబ్దం తంటాలు పడి చేరుకున్న చోటికి మా మాస్టారు ఒక్క ఆదివారంలో చేరుకున్నారు. 1913లో ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ అనే రచయిత ఇంకో దారి చూపించాడు. బొమ్మ ఫిరంగిలో చెక్క పుల్ల పెట్టి నిజంగానే కొట్టడమే. పడినవాడు చచ్చినట్టు, నిలబడినవాడు బతికినట్టు. అందులో వాదించడానికి ఏమీ ఉండదు. వాదన లేని ఆట బెజవాడలో ఎన్నాళ్లు నిలబడుతుంది చెప్పండి?

అందుచేత నేను కొన్ని సంస్కరణలు ప్రతిపాదిస్తున్నాను. రూల్స్ పుస్తకం ఊరికి ఒక్క కాపీయే ఉండాలి. ఆట లేని రోజుల్లో దాన్ని లాకర్లో పెట్టాలి. ఆటగాడు ఆటకు ముందు దాన్ని చదివాడని రుజువైతే గూఢచర్యం కింద జమ కట్టాలి. సందేహం వచ్చినవాడు ఆ సందేహాన్ని కాగితం మీద రాసి ఇవ్వాలి, జవాబు యుద్ధం ముగిశాక వస్తుంది. పల్నాటి కథలో కోడిపందెం ఓడిన బ్రహ్మనాయుడి వర్గం ఏడేళ్లు వలస పోయింది కదా, మా దగ్గర ఓడినవాళ్లు బొమ్మలు డబ్బాల్లో సర్దితే చాలు. ఆ మాత్రం నాగరికత పెరిగింది.

సాయంత్రం ఆడిటర్ గారు ఫ్రెంచి సేనను సర్దుతుంటే బ్యాంకు కుర్రాడు మాస్టారి దగ్గరికి వెళ్లాడు. పొద్దున్నుంచీ ఆరు పడని మనిషి, మొహంలో మాత్రం మంచి పట్టుదల.

"మాస్టారూ, ఈ పుస్తకం ఎక్కడ దొరుకుతుందండీ? నేనూ ఒకటి కొనుక్కుంటాను."

"ఎందుకు బాబూ డబ్బులు దండగ" అన్నారు మాస్టారు ఎంతో ప్రేమగా. "వచ్చే నెల నుంచి వేరే రూల్స్."