సవరణ: పీహెచ్ 7 కంటే తగ్గితే ఆమ్ల వర్షమేనా?

ఆమ్ల వర్షాల గురించి నిన్న పెట్టిన పోస్టులో "పీహెచ్ 7 కంటే తగ్గితే అది ఆమ్ల వర్షమే" అని రాశాను (పీహెచ్ అంటే ఆమ్లతను చెప్పే కొలత; 7 అంటే తటస్థం, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ). అది తప్పు. ఆ లెక్కన మామూలు వాన కూడా ఆమ్ల వర్షమే అయిపోతుంది.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చినుకుల్లో కరిగి కొద్దిగా కార్బానిక్ ఆమ్లం తయారవుతుంది. అందుకే కాలుష్యం లేనిచోట కూడా వాన నీటి పీహెచ్ దాదాపు 5.6 ఉంటుంది. అంతకంటే తగ్గితేనే ఆమ్ల వర్షం అంటారు. రసాయన శాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఇదే. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, 5.6 నుంచి 4.6కి దిగితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు. అలా దించేవి ప్రధానంగా బొగ్గు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, వాహనాలు, విద్యుత్ కేంద్రాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు.

ఇంకొకటి. ఆ పోస్టు చదివి, తడిస్తే చర్మం కాలుతుందేమోనని కొందరు టెన్షన్ పడ్డారు. కాలదు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, దాన్ని చేత్తోనే పిండుతాం కదా! అసలు దెబ్బ చెరువులకు, మట్టికి. ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి నీళ్లలోకి చేరుస్తుంది. అది చేపల మొప్పలకు పట్టి ఊపిరాడనివ్వదు. పాలరాతి విగ్రహమైతే వాన కడిగేచోట అరిగి ముక్కూ మొహం మొద్దుబారతాయి. వాన తగలని మూలల్లో జిప్సం ఏర్పడి, మసి పట్టి నల్లటి పెచ్చు కడుతుంది.

నివారణ గురించి రాసినదాంట్లో మార్పు లేదు. పొగగొట్టం ఎత్తు పెంచితే బెడద పక్క ప్రాంతానికి పోతుంది, అంతే. సున్నపురాయి కలిపిన నీళ్లతో పొగను కడిగితే సల్ఫర్ డయాక్సైడ్ చాలావరకు అక్కడే ఆగుతుంది. పాత పోస్టులో పీహెచ్ వాక్యం సరిచేశాను.