ఆగస్టు 1, 1976: లౌడాను కాల్చింది వాన కాదు

ఏటా ఆగస్టు 1 వచ్చిందంటే మోటార్ రేసింగ్ అభిమానుల వాట్సాప్ గుంపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. దాని సారాంశం ఇది. 1976లో ఇదే రోజున నూర్బుర్గ్‌రింగ్ ట్రాక్ మీద జరిగిన జర్మన్ గ్రాండ్ ప్రి ఫార్ములా వన్ రేసులో ఫెరారీ జట్టు ఆస్ట్రియన్ డ్రైవర్ నికి లౌడా కుండపోత వానలో అందరికంటే ముందు దూసుకుపోతూ జారి పడ్డాడట. ఆ ట్రాక్ అంటే అతనికి మొదటి నుంచీ భయమేనట. అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలకు తెగించి అతన్ని మంటల్లోంచి లాగారట. ఆ ఒక్క ప్రమాదంతో నూర్బుర్గ్‌రింగ్ మూతపడిందట. 42 రోజులకే లేచి వచ్చి ఇటలీలోని మోంజా రేసులో గెలిచాడట. చివరికి జపాన్‌లో వెనకడుగు వేసి ప్రపంచ టైటిల్‌ను ప్రత్యర్థి జేమ్స్ హంట్ చేతిలో పెట్టాడట.

ఇందులో తేదీ నిజం, ప్రమాదం నిజం, 42 రోజులన్నది కూడా నిజమే. మిగిలినవన్నీ ఎంతో కొంత తప్పులు. తప్పు దొర్లినందుకు కాదు నా అభ్యంతరం. ఈ తప్పులన్నీ ఒకే దిక్కుకు మొగ్గుతున్నాయి. నిర్వాహకుల మీదా, ట్రాక్ మీదా పడవలసిన బాధ్యతను తీసుకెళ్లి వాన మీదా, విధి మీదా, ఒక మనిషి గుండె ధైర్యం మీదా వేస్తున్నాయి.

వాన సంగతి ముందు చూద్దాం. ఆ ఆదివారం రేసు మొదలయ్యే వేళకు ట్రాక్ తడిగా ఉన్నమాట వాస్తవమే, అందుకే దాదాపు అందరూ తడి రోడ్డుకు వాడే వెట్ టైర్లతో బయలుదేరారు. మెక్లారెన్ డ్రైవర్ యోఖెన్ మాస్ మాత్రం ట్రాక్ ఆరిపోతుందని లెక్కవేసి, పొడి రోడ్డుకు వాడే, గాడులు లేని స్లిక్ టైర్లతోనే సాహసించాడు, అతని అంచనాయే నిజమైంది. మొదటి ల్యాప్, అంటే మొదటి చుట్టు, ముగిసేసరికి చాలా భాగం ఆరిపోవడంతో, మిగిలినవాళ్లు టైర్లు మార్చుకోవడానికి ఒకరి వెనక ఒకరు పిట్‌లోకి వచ్చారు. లౌడా కూడా వారిలో ఒకడు. అంటే రెండో ల్యాప్‌లో అతని ఫెరారీ పరుగెత్తింది స్లిక్ టైర్ల మీద, కుండపోత వానలో కాదు, ఆరుతున్న రోడ్డు మీద. అతను అందరికంటే ముందు లేడు, పిట్‌లో పోయిన సమయాన్ని రాబట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడు.

బెర్గ్‌వెర్క్ మలుపుకు ముందు, ఎడమ వైపుకు కొద్దిగా వంగే చాలా వేగవంతమైన చోట కారు అదుపు తప్పింది. ఆ క్షణాన్ని ఏ టెలివిజన్ కెమెరా పట్టుకోలేదు. గట్టున నిలబడి చూస్తున్న ఒక కుర్రవాడి చేతిలోని 8 మిల్లీమీటర్ల సినిమా కెమెరాలో మాత్రం అది పడింది. ఆ కొద్ది క్షణాల బొమ్మలో ఎర్రటి కారు ఉన్నట్టుండి కుడి పక్కకు విసురుగా తిరుగుతుంది, కంచెను చీల్చుకుంటూ గట్టుకు కొట్టుకుంటుంది, మంటల ముద్దలా మళ్లీ రోడ్డు మధ్యకే వచ్చి పడుతుంది. వెనక నుంచి వస్తున్న సర్టీస్ జట్టు డ్రైవర్ బ్రెట్ లంగర్ కారు దాన్ని ఢీకొంటుంది. డ్రైవర్ పొరపాటా, తడి మచ్చా, వెనక సస్పెన్షన్‌లో ఏదైనా విరిగిందా అన్నది ఎన్నడూ తేలలేదు. సస్పెన్షన్ విరిగిందన్న అనుమానం బలంగానే వినిపించింది, లౌడాకు మాత్రం ఆ క్షణం గుర్తులేదు. తేలని దాన్ని వాన ఖాతాలో రాసేయడం తేలికే గాని, అది చరిత్ర కాదు.

ట్రాక్ అంటే అతనికి భయమన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపరుస్తుంది. రేసుకు ముందు లౌడా బహిష్కరణ ప్రతిపాదన పెట్టిన మాట నిజం. డ్రైవర్లలో ఎక్కువమంది కాదన్నారు, రేసు జరిగింది. కానీ ఆ ప్రతిపాదన పెట్టినవాడు ఆ ట్రాక్ మీద నత్తనడక నడిచే డ్రైవర్ కాడు. అంతకు ముందు ఏడాది, 1975లో, ప్రాక్టీసులో అదే నూర్బుర్గ్‌రింగ్‌ను 6 నిమిషాల 58.6 సెకన్లలో చుట్టి వచ్చి, ఫార్ములా వన్ కారుతో ఆ చుట్టును ఏడు నిమిషాల లోపు ముగించిన మొదటివాడు అతనే. గంటకు సుమారు 196 కిలోమీటర్ల సగటు వేగం అది. ఆ ట్రాక్‌ను అందరికంటే బాగా ఎరిగినవాడు వద్దన్నప్పుడు దాన్ని భయం అనడం, గోదావరిలో పుట్టి పెరిగిన సరంగు వరదలో పడవ వేయనంటే పిరికివాడనడం వంటిది.

అతని అభ్యంతరం ట్రాక్ మలుపుల మీద కంటే దాని పొడవు మీద. నూర్బుర్గ్‌రింగ్ పాత ట్రాక్, అంటే నార్డ్‌ష్లైఫె, ఐఫెల్ కొండల అడవుల్లో 22.8 కిలోమీటర్లు చుట్టుకుని ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు చూసినవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. ఆ ట్రాక్ మొత్తం మూడు కిలోమీటర్ల లోపే, అలాంటివి ఎనిమిది కలిపితే గాని నార్డ్‌ష్లైఫె ఒక్క చుట్టు కాదు. అంత దూరం పొడవునా మంటలార్పే మనుషులనూ, వాహనాలనూ, వైద్యులనూ దగ్గర దగ్గరగా నిలపడం నిర్వాహకుల చేతనయ్యే పని కాదు. ఎక్కడైనా కారు తగలబడితే సాయం చేరేలోగా మనిషి మిగలడన్నది లౌడా వాదన.

అతని వాదన ఎంత సరైనదో రెండో ల్యాప్‌లో అతని ఒంటి మీదే తేలింది. మండుతున్న ఫెరారీ దగ్గరకు మొదట చేరింది అగ్నిమాపక వాహనం కాదు, వెనక కార్లలో వస్తున్న సాటి డ్రైవర్లు. అమెరికాకు చెందిన లంగర్, బ్రిటన్‌కు చెందిన గై ఎడ్వర్డ్స్, లౌడా స్వదేశీయుడైన ఆస్ట్రియన్ హరాల్డ్ ఎర్టల్, ఇటలీకి చెందిన ఆర్టూరో మెర్జారియో తమ కార్లు వదిలి పరుగెత్తారు. దెబ్బ తగిలినప్పుడే లౌడా హెల్మెట్ తలకు నిలవక ఊడిపోయింది, అందువల్ల ముఖం నేరుగా మంటకు గురైంది. ఒకప్పుడు ఫెరారీకే నడిపిన మెర్జారియో మంటల్లోకి వంగి, చేతులు పెట్టి, సీటు బెల్టులు విప్పి అతన్ని బయటికి తీశాడు. దాదాపు నిమిషం సేపు లౌడా ఆ మంటల్లోనే ఉన్నాడు. బయటికి తీశాక నిలబడగలిగాడు, స్పృహలోనే ఉన్నాడు. అసలు ప్రమాదం చర్మం కాలడం కంటే, పీల్చిన విషవాయువుల వల్ల ఊపిరితిత్తులకు వచ్చింది. తర్వాత స్పృహ తప్పింది, ఆసుపత్రిలో మత గురువు వచ్చి మరణానికి ముందు చేసే చివరి ప్రార్థనలు కూడా జరిపాడు. ఎడ్వర్డ్స్‌కు బ్రిటన్ ఆ తర్వాత క్వీన్స్ గ్యాలంట్రీ పతకం ఇచ్చింది.

ఇప్పుడు సందేశంలోని ‘అగ్నిమాపక సిబ్బంది సాహసం’ అన్న ముక్కను మళ్లీ చదవండి. లేనివారికి కీర్తి కట్టబెట్టడం వల్ల ఉన్న నలుగురి పేర్లు చెరిగిపోవడం ఒక నష్టం. ఆ వ్యవస్థ సమయానికి అక్కడ లేదన్న అసలు విషయం మరుగున పడడం అంతకంటే పెద్ద నష్టం. రేసు ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు న్యూజీలాండ్ డ్రైవర్ క్రిస్ ఏమన్ ఇక నడపనని నిరాకరించాడు. మిగిలినవారు బయలుదేరారు, హంట్ గెలిచాడు.

ఇక నూర్బుర్గ్‌రింగ్ మూత సంగతి. ఆ ట్రాక్ మీద ఫార్ములా వన్‌కు 1976 చివరి ఏడాది అన్న నిర్ణయం ఆ ప్రమాదానికి ముందే జరిగిపోయింది. ఇది ఒక్కరోజులో పుట్టిన ఆలోచన కూడా కాదు. 1954లో ఒనోఫ్రె మరిమోన్, 1958లో పీటర్ కాలిన్స్, 1964లో కారెల్ డి బోఫోర్, 1969లో గెర్హార్డ్ మిట్టర్ ఆ ట్రాక్ మీదే ప్రమాదాల పాలై మరణించారు. 1970లో డ్రైవర్లు నడపబోమని భీష్మించడంతో జర్మన్ గ్రాండ్ ప్రి హాకెన్‌హైమ్‌కు మారింది, మార్పులు చేశాక 1971లో తిరిగి వచ్చింది. ఎన్ని మరమ్మతులు చేసినా పొడవు పొడవే కనుక భద్రత ఖర్చు తలకు మించిన భారమైంది, టెలివిజన్ ప్రసారానికీ అంత దూరం లొంగలేదు. లౌడా ప్రమాదం ఆ నిర్ణయానికి ముద్ర వేసిందనండి, ఒప్పుకుంటాను. కారణం అనడం మాత్రం తప్పు. పైగా ట్రాక్ మూతపడనే లేదు, నార్డ్‌ష్లైఫె మీద 24 గంటల రేసు ఈనాటికీ జరుగుతోంది. పక్కనే కట్టిన చిన్న ట్రాక్ మీద 1984లో ఫార్ములా వన్ కూడా నూర్బుర్గ్‌రింగ్‌కు తిరిగి వచ్చింది.

మోంజా గురించి రెండే ముక్కలు. సెప్టెంబరు 12న లౌడా అక్కడ నాలుగో స్థానంలో వచ్చాడు, గెలిచినవాడు రోనీ పీటర్సన్. నాలుగో స్థానాన్ని గెలుపుగా మార్చేవారికి ఆ నాలుగో స్థానం విలువ తెలియదనుకుంటాను. తల చుట్టూ కట్లు, మానని గాయాలు, అతను తిరిగి రాలేడనుకుని కార్లోస్ రాయిట్‌మన్‌ను తెచ్చుకున్న ఫెరారీ, ఇవన్నీ ఒక పక్క. ఆ వారాంతం భయంతో తాను బిగుసుకుపోయానని తర్వాత లౌడాయే ఒప్పుకున్నాడు. రాయిట్‌మన్ అతని వెనక తొమ్మిదో స్థానంలో ముగించాడు.

టైటిల్ దానం విషయంలో అంకెలే మాట్లాడాలి. జర్మనీకి వచ్చేటప్పటికి లౌడాకు 58 పాయింట్లు, హంట్‌కు 35. లౌడా తప్పిపోయిన రెండు రేసుల్లో, అంటే ఆస్ట్రియాలో నాలుగో స్థానానికి 3, నెదర్లాండ్స్‌లో గెలుపుకు 9, మొత్తం 12 పాయింట్లు హంట్‌కు దక్కాయి. లౌడా లేకపోవడం హంట్‌కు కలిసివచ్చిందనడంలో సందేహం లేదు. అయితే అంతకు ముందు బ్రిటిష్ గ్రాండ్ ప్రిలో హంట్ సాధించిన గెలుపును సెప్టెంబరు 24న అప్పీలు కోర్టు రద్దు చేసి, ఆ 9 పాయింట్లు లాగేసుకుని మొదటి స్థానాన్ని లౌడాకే ఇచ్చింది. జర్మనీ గెలుపు 9 కూడా కలిపి 56 దగ్గరున్న హంట్ ఆ దెబ్బకు 47కు పడిపోయాడు, మోంజా నాలుగో స్థానానికి 3, ఈ తీర్పుతో మరో 3 కలిసి లౌడా 64కు చేరాడు. మిగిలినవి మూడు రేసులు, తేడా 17. కెనడాలోనూ, అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లోనూ హంట్ గెలిచింది లౌడా ట్రాక్ మీద ఉండగానే. జపాన్‌కు వచ్చేసరికి హంట్‌కు 65, లౌడాకు 68. దీన్ని దానం అనడం హంట్‌కూ అన్యాయమే.

జపాన్ మాట సరే. అక్టోబరు 24న ఫుజీలో వాన, పొగమంచు కలిసి రోడ్డు కనిపించని స్థితి. ఈసారి వాన నిజమైన వాన. లౌడా రెండు ల్యాపులు నడిపి కారు దిగిపోయాడు. దిగినవాడు అతనొక్కడే కాదు, రెండుసార్లు ప్రపంచ విజేత ఎమర్సన్ ఫిట్టిపాల్డి, కార్లోస్ పాచె, లారీ పెర్కిన్స్ కూడా దిగిపోయారు. వారిని ఎవరూ పిరికివాళ్లనలేదు. కాలిన రెప్పలు సరిగా మూతపడని కళ్లతో ఆ నీటి తుంపరలో నడపాల్సింది లౌడా ఒక్కడే. ఇంజిన్ చెడిందని చెబుదామని ఫెరారీ ఇంజనీరు మౌరో ఫోర్గియేరి ముందుకొస్తే, లౌడా వద్దని, తన ఇష్టంతోనే ఆపానని చెప్పాడు. హంట్ మూడో స్థానంలో వచ్చి 4 పాయింట్లతో 69కి చేరాడు, లౌడా 68 దగ్గర ఆగాడు.

తేదీలంటే అంత మక్కువ ఉన్న ఆ సందేశకర్తకు ఇంకో తేదీ చెప్పవచ్చు. 1977 జులై 31న, ప్రమాదానికి ఏడాది నిండడానికి సరిగ్గా ఒక్క రోజు ముందు, జర్మన్ గ్రాండ్ ప్రి హాకెన్‌హైమ్‌లో జరిగింది. ఆ రేసు గెలిచినవాడు నికి లౌడా.