టాప్ 100 పట్టిక చూస్తే సరిపోదు

చిన్న లీగ్‌ల్లో ఆడుతూ రేపు పెద్ద ఆటగాళ్లవుతారనుకునే టాప్ 100 కుర్రాళ్ల పట్టిక చూస్తే ఏ బేస్‌బాల్ టీమ్ భవిష్యత్తు ఏమిటో తెలిసిపోతుందని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. బాల్టిమోర్ ఓరియోల్స్ సంగతే తీసుకోండి. 2022 డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట) మొట్టమొదట ఎంపికైన జాక్సన్ హాలిడే, మరుసటి సీజన్‌లోనే ఓరియోల్స్ కింద మెట్లుమెట్లుగా ఉండే డెల్‌మార్వా, అబర్‌డీన్, బూయీ, నార్ఫోక్ చిన్న లీగ్ టీములు నాలుగింటిలోనూ ఆడేశాడు. అప్పటికి నిండా పంతొమ్మిదేళ్లు. అన్ని పట్టికల్లోనూ అతని పేరే పైన. తీరా 2024 ఏప్రిల్‌లో పెద్ద లీగ్‌కి (మేజర్ లీగ్) వస్తే బ్యాటింగ్‌కి దిగిన 34 సార్లలో (ఎట్-బ్యాట్‌లు) రెండే హిట్లు, అంటే బంతి కొట్టి బేస్ చేరింది రెండుసార్లే! నెల తిరక్కుండానే మళ్లీ నార్ఫోక్ పంపేశారు.

జులై 31న వెనక్కి పిలిచారు. ఆ రోజే టొరంటో టీమ్ బ్లూ జేస్ మీద, బేస్‌లన్నీ నిండి ఉండగా కొట్టిన బంతి కుడివైపు స్టాండ్ దాటి యూటా వీధిలో పడింది. పెద్ద లీగ్‌లో అతని తొలి హోమ్ రన్ అదే, అదీ ఒకే దెబ్బకి నాలుగు పరుగులిచ్చే గ్రాండ్ స్లామ్. మధ్యలో నార్ఫోక్‌లో గడిచిన మూడు నెలలు ఏ ర్యాంకులో కనిపిస్తాయి చెప్పండి?

అదే టీమ్‌లోని గన్నర్ హెండర్సన్ అయితే 2019 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో ఎవరూ తీసుకోకపోతే రెండో రౌండ్‌లో దొరికిన కుర్రాడు. 2023లో అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) ఉత్తమ కొత్త ఆటగాడిగా ఓట్లన్నీ అతనికే పడ్డాయి.

ఇంకో మాట. చిన్న లీగ్ ఆటగాళ్ల 2023 జీతాల ఒప్పందానికి ముందు ట్రిపుల్-ఎ (పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు కింద) ఆటగాడి కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లే, ఆ తర్వాత 35,800 అయింది. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి బస్సుల్లో తిరిగే వాళ్ల పేర్లు పట్టికలో ఉండవు. ఈసారి దానికీ ఒక మెట్టు కిందున్న డబుల్-ఎ ఆటల గురించి కూడా రాయండి, తప్పకుండా చదువుతాను.