సంక్రాంతి నాటికలో 24వ నిమిషాన దిగే అమెరికా అబ్బాయి గారికి

మ.రా.రా.శ్రీ సంక్రాంతి నాటికల ఆస్థాన అమెరికా అబ్బాయి గారి దివ్యసముఖానికి, కోనసీమ నుంచి ఒక నాటికల రచయిత నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ఏటా మా నాటిక చివర్లో దిగే మీరు ఈసారి రారని పండగ కమిటీవారు దసరాకే మాటిచ్చారు. "ఆ సూట్‌కేసు గోల లేకుండా కొత్త కథ రాయండి మాస్టారూ" అన్నది సాక్షాత్తూ అధ్యక్షులవారే. తీరా నిన్న మధ్యాహ్నం రిహార్సల్లో నలుగురు పాత్రధారుల పక్కన అయిదోవాడొకడు కూలింగ్ గ్లాసులు పెట్టుకుని కూర్చున్నాడు. అధ్యక్షులవారి మేనల్లుడట. మీ వేషానికట. "చివర్లో చిన్న సీనేనండి, అలా రాసి పడెయ్యండి" అన్నారు.

చిన్న సీను! లెక్క చెబుతాను, వినండి. కమిటీ ఇచ్చేది 30 నిమిషాలు. ముగ్గుల పోటీ బహుమతులు, దాతలకి శాలువాలు అందులోంచే కోస్తారు గనక 28 అనుకుని రాయాలి. చేతిరాతలో నిండు పేజీ డైలాగు స్టేజీ మీద నిమిషంన్నర పడుతుంది. నడకలు, మౌనాలు కలిపితే రెండు. అంటే మొత్తం 14 పేజీలు. మీరు దిగేది 24వ నిమిషంలో. మిగిలినవి రెండే పేజీలు. ఆ రెండింట్లో మీరెవరో తెలియాలి, ఎందుకొచ్చారో తెలియాలి, ఆపైన మీ మనసు మారాలి. మారడానికి ముందు మనసంటూ ఒకటి కనబడాలి కదండీ? దానికి జాగా లేదు. అందుకని భోరుమంటారు.

ఇక మీ ప్రయాణం. తెల్లవారుజామున భోగిమంట దగ్గర అమ్మ ఫోన్ చేస్తుంది. అప్పటికి న్యూయార్క్‌లో ముందురోజు సాయంత్రం. ఈ కాలంలో మనకంటే పదిన్నర గంటలు వెనక. ఎంత ఎగిరొచ్చినా హైదరాబాదు చేరడానికే దాదాపు ఒక రోజు. పండగ రద్దీలో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌కి 60 రోజుల ముందే టికెట్ తీసుకోవాలి. మీరు మాత్రం ఆ సాయంత్రం భోగిపళ్ల వేళకి గుమ్మంలో ఉంటారు. అంచు కూడా నలగని కోటుతో!

ఆ సూట్‌కేసు సంగతీ చెప్పాలి. మన స్టేజీ డ్రమ్ముల మీద పరిచిన బల్లలు. బల్లకీ బల్లకీ మధ్య వేలు దూరేంత సందు. చక్రం అందులో ఇరుక్కుంటుంది, మీరు లాగుతారు, ఆ కిర్రు మొత్తాన్నీ పైన వేలాడే మైకు పట్టుకుంటుంది. మీ అమ్మ గొంతు మాత్రం దానికి అందదు. మంచం మీద కూర్చుని ఏడవాలి కదా పాపం, మైకేమో నిలబడ్డవాళ్ల తలపైన ఉంటుంది. మంచాన్ని రెండడుగులు ముందుకు జరిపి, ఆవిడ చేత నిలబడే ఏడిపిస్తే వినబడుతుంది. ఏ దర్శకుడూ జరపడు.

వెనక తెర గురించి ఒక్క ముక్క. పండగ నాటిక అనగానే బంగారు రంగులో పండిన చేలు గీయిస్తారు. డెల్టాలో సంక్రాంతికి సార్వా, అంటే తొలి పంట ఎప్పుడో ఇంటికొచ్చేసి, దాళ్వా, అంటే రెండో పంట నాట్లు పడుతుంటాయి. తెర మీద ఉండాల్సింది నీళ్లు, బురద, నారుకట్టలు. హరిదాసు, గంగిరెద్దు, గొబ్బిళ్లు కూడా వరసగా స్టేజీ ఎక్కాలంటారు. ఆరు నిమిషాలు హరీ. హరిదాసు ఒక్కసారి అటునుంచి ఇటు దాటితే పొద్దున్నని అందరికీ తెలుస్తుంది.

ఇవన్నీ నేను భరిస్తాను. అసలు బాధ వేరే.

పండగ మీద నాటిక రాసేవాడికి పండగ ఇచ్చే సొమ్ము ఒక్కటే, గడువు. ఈ పూట దాటితే తేలనిది ఏదో ఒకటి కావాలి. అందుకని కౌలు లెక్క తీసుకున్నాను. భోగి పొద్దున్న ఒక అరుగు. చేను గల ముసలాయన, ఆయన భార్య, కౌలురైతు, అతని కూతురు. అంతే. మక్తాలో, అంటే చేను గలాయనకి కౌలుగా కొలవాల్సిన ధాన్యంలో, 75 కిలోల బస్తాలు 11 తక్కువొచ్చాయి. కోసిన పనల మీద వాన పడింది, గింజ మొలకెత్తింది. కొనేచోట తేమ 17 శాతం దాటకూడదు, దాటింది. మిల్లరు తరుగు కోశాడు. ఇటు ముసలాయన దుర్మార్గుడేం కాదు. ఆ గింజలతోనే భార్య మందులు, కొత్త అల్లుడి పండగ ఖర్చు. ఇద్దరి పక్కా న్యాయం ఉంది, ధాన్యం ఒక్కరికే సరిపోతుంది. ఇద్దరూ మంచివాళ్లయితేనే నాటిక నడుస్తుంది. ఒకడికి మీసం మెలిపెట్టి దుర్మార్గుణ్ణి చేస్తే అయిదో నిమిషానికే జనం జట్లు కట్టేసి పల్లీలు కొనుక్కోడానికి లేస్తారు.

సరిగ్గా 24వ నిమిషానికి, లెక్కల పుస్తకం పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల అడుగుతుంది: "తాతగారూ, వాన పడింది ఎవరి చేలోనండి?"

ఆ ఒక్క మాట కోసమే ముందు 12 పేజీలు. చేలో పని చేసినప్పుడు 'నీ చేను', మక్తా కొలిచినప్పుడు 'నా చేను' అన్న పెద్దమనిషి ఇప్పుడు నోరు తెరవాలి. జవాబుకి నాలుగు నిమిషాలు అట్టేపెట్టాను. అందులో అర నిమిషం ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలి.

ఆ అర నిమిషంలోకి కిర్రుమంటూ మీ సూట్‌కేసు. "హాయ్ డాడ్!"

ఆపైన ఏముంది! "బస్తాలు పోనీండి నాన్నా, మనుషులు ముఖ్యం" అంటారు. 11 బస్తాలూ డాలర్లతో కొట్టుకుపోతాయి. పిల్ల ప్రశ్న ఏ కాలవలో పడిందో ఎవరికీ పట్టదు. వచ్చే ఏడు మళ్లీ వాన పడితే? అడిగేవాడు లేడు. 1880లోనే కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో తన విద్యార్థుల చేత వేషాలు కట్టించి ప్లీడర్ల బండారం స్టేజీ ఎక్కించారు. మనమేమో ఇన్నాళ్లకీ ఒక కౌలు లెక్కని స్టేజీ మీద నిలబెట్టలేకపోతున్నాం.

అక్కడితో ఆగుతావా నువ్వు? ఉద్యోగానికి ఒక్క డైలాగులో రాజీనామా. "ఇక్కడే ఉండి మన పొలం నేనే చేస్తాను నాన్నా!" ఈలలు, చప్పట్లు. ఒరేయ్ అబ్బాయ్, ఆ పొలం చేస్తున్నవాడు నీ పక్కనే నిలబడి ఉన్నాడురా! నువ్వు చేస్తే వాడేం చెయ్యాలి? నువ్వు త్యాగం చేశావని ఊరంతా కొట్టిన చప్పట్లు వాణ్ణి చేలోంచి దింపేసినందుకురా. ఆ చప్పట్లలో వాడూ చేతులు కలపాలి, స్క్రిప్టులో అలాగే ఉంటుంది మరి.

క్షమించండి. నోరు జారింది.

మిమ్మల్ని పూర్తిగా కొట్టెయ్యడం నా వల్ల కాదని నాకూ తెలుసు. ముందు వరస ప్లాస్టిక్ కుర్చీల్లో శాలువాలు కప్పుకుని కూర్చునేవాళ్లలో సగంమందికి పిల్లలు ఎక్కడో ఉన్నారు. మీరు "అమ్మా, ఆకలేస్తోందే" అన్నప్పుడు మైకు చచ్చినా ఆ మాట వాళ్లకి వినబడుతుంది. అంతకంటే బాగా రాసిన నా డైలాగులు ఎన్నో మంచులో కలిసిపోయాయి. మిమ్మల్ని చూసి వాళ్లు కళ్లు తుడుచుకుంటే నవ్వేంత గొప్పవాణ్ణి కాను.

అందుకని రండి. కానీ మూడో నిమిషంలో, ఫోన్‌లో, గొంతు మాత్రమే. ముందే ఉన్నవాడు చివర్లో పలికితే ఎవరూ ఉలిక్కిపడరు. అధ్యక్షులవారి మేనల్లుడికి తెర వెనక కుర్చీ, చేతిమైకు ఇప్పిస్తాను, కూలింగ్ గ్లాసులు అక్కడ పెట్టుకోవచ్చు. డబ్బు పంపుతానని ఒక్క ముక్క కూడా అనకూడదు. 24వ నిమిషానికి మీరు లైన్లోనే ఉంటారు. ఆ పిల్ల ఫోను అందుకుని అదే ప్రశ్న మిమ్మల్ని అడుగుతుంది. రేపు ఆ చేను మీదే కదా, జవాబు మీరే చెప్పాలి. సిగ్నల్ పోయిందని మాత్రం అనకండి, ఆ డైలాగు మీ నాన్నగారికి ఇచ్చేశాను.

ఇట్లు,
మీ చేత ఏటా రాజీనామా చేయిస్తున్న
నాటికల రచయిత