గుమ్మటాలు చూడటానికి వెళ్ళండి, జ్వరానికి కాదు

హైదరాబాద్ చూడటానికి వచ్చినవాళ్ళు చార్మినార్ ముందు సెల్ఫీ దిగి, గాజులు బేరమాడి, బిర్యానీ తిని వెళ్ళిపోతున్నారు. ఇది నగర చరిత్రకు జరుగుతున్న అన్యాయం. నిజమైన జిజ్ఞాస ఉన్నవాళ్ళు అఫ్జల్‌గంజ్‌లో దిగి ఉస్మానియా ఆసుపత్రిని దర్శించాలని నా మనవి. ఒక్కటే షరతు, ఆరోగ్యంగా ఉండాలి. జబ్బుతో వెళ్ళినవాడు తల పైకెత్తడు. గుమ్మటాలు, ఛత్రీలు (గొడుగు ఆకారపు చిన్న మంటపాలు), సున్నపు పనితనం ఏవీ వాడికి ఆనవు. ఓపీ చీటీ ఎక్కడిస్తారో కనపడితే చాలు అనుకుంటాడు. ఇలాంటి సందర్శకుల వల్లే మన కళాభిరుచి ఇలా ఉంది.

ముందుగా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర ఆగండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ఊడ్చేసినప్పుడు, ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారని చెబుతారు. పడకల మంజూరు లేదు, సిబ్బంది నియామకం లేదు, అయినా ఒక్క రోజులో అంతమందిని చేర్చుకుంది. ఆధార్ అడగలేదు. మంచాలు ఖాళీ లేవు, వేరే చెట్టుకు పొమ్మని ఎవరికీ చీటీ రాసివ్వలేదు. ఆరోగ్య శాఖ ఈ చెట్టు పనితీరు మీద ఇంతవరకు విచారణ వేయకపోవడం ఆశ్చర్యమే.

విచారణలకు ఇక్కడ కొదవేం లేదు. ఆ పాత ఆసుపత్రి రోజుల్లోనే ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు, ఆరో నిజాం ఖర్చుతో, క్లోరోఫారం అనే మత్తుమందు ప్రమాదకరమా కాదా అని తేల్చడానికి 1888లో ఒక కమిషన్ నడిపాడు. దాని తీర్పు లండన్‌లోని వైద్య పత్రికకు నచ్చలేదు. అయితే ఏం, 1889లో రెండో కమిషన్. ఈసారి ఆ పత్రిక తరఫు డాక్టరునే నిజాం ఖర్చుతో ఇక్కడికి రప్పించారు. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు చేసి, మత్తు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరే, గుండె కాదని తేల్చారు. తర్వాతి కాలం గుండెకూ ముప్పేనని రుజువు చేసింది. అప్పట్లో కమిషన్లు వేసింది మత్తుమందు కోసం. ఆ తర్వాత మనం పద్ధతిని మెరుగుపరచి, కమిషన్లనే మత్తుమందుగా వాడుతున్నాం.

ఇక అసలు భవనం. వరద తర్వాత ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కట్టించాడు. నమూనా గీసింది బ్రిటిష్ ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్. ఎత్తయిన కప్పులు, గాలి ఆడే వరండాలు, ఇప్పుడు అదనంగా పగుళ్ళలోంచి మొలిచిన రావి మొక్కలు. 2020 జూలై వానలకు వార్డుల్లోకి నీళ్ళొస్తే రోగులను ఖాళీ చేయించి తాళం వేశారు. పర్యాటకుడి వైపు నుంచి చూస్తే ఇది ఎంతో సౌకర్యం. ముందు వైపు ఫొటోలో ఒక్క సెలైన్ స్టాండు కూడా పడదు. రోగులు పక్క బ్లాకుల్లో సర్దుకున్నారు. వాళ్ళ తాలూకు మనుషులు మాత్రం చాప, దుప్పటి, టిఫిన్ క్యారియర్‌తో అప్పుడప్పుడూ ఫ్రేములోకి వస్తుంటారు. ఓపిక పట్టండి. మెడలో కెమెరా చూసి మీరేదో ఆఫీసరనుకుని, "సారూ, ఎక్స్‌రే ఏ దిక్కు?" అని అడుగుతారు. భారతీయ, ఇస్లామిక్, ఐరోపా కట్టడ రీతులు కలిసిన ఇండో-సారసెనిక్ శైలి గురించి చెప్పబోకండి, నిలబడి వినే తీరిక వాళ్ళకుండదు.

2015లో ఈ భవనాన్ని కూల్చి కొత్తది కడతామని ప్రభుత్వం అన్నప్పుడు, వద్దని గట్టిగా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వారసత్వం అంటే నాకు ప్రాణం. మోకాలు నొప్పి పుడితే హైటెక్ సిటీ వైపు ప్రైవేటు ఆసుపత్రికి వెళతాను, అది వేరే సంగతి. అక్కడ గుమ్మటాలు లేవు కాబట్టి మనసు చెదరకుండా బిల్లు చదువుకోవచ్చు. కూల్చాల్సిందే అన్నవాళ్ళు కూడా అక్కడికే వస్తారు. వెయిటింగ్ హాల్లో కాఫీ తాగుతూ ఉస్మానియా భవిష్యత్తు గురించి మేం చాలా మర్యాదగా వాదించుకుంటాం. వైద్యానికి ఎక్కడికి వెళ్ళాలన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ ఎప్పుడూ అభిప్రాయభేదం రాలేదు.

ఆ వాదన చివరికి హైకోర్టుకు చేరింది. దూరం వెళ్ళనక్కర్లేదు, మూసీకి అవతలి గట్టే. ఆ భవనాన్ని గీసిందీ ఎషే. తన ఒక భవనం బతకాలా వద్దా అని తన ఇంకో భవనంలో వాయిదాలు పడతాయని ఆయన ఊహించి ఉండడు. ఈలోగా కోర్టుకే రాజేంద్రనగర్‌లో కొత్త ఇంటికి 2024లో శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరి 31న జరిగింది. రోగులు, లాయర్లు, జడ్జీలు అందరూ వెళ్ళిపోయాక నదికి రెండు గట్లూ పర్యాటకానికి పూర్తిగా అనువుగా తయారవుతాయి.

అందుకని ఇప్పుడే టికెట్టు ధర ఖరారు చేయాలని పర్యాటక శాఖకు విన్నవించుకుంటున్నాను. పెద్దలకు 50, పిల్లలకు 20, కెమెరాకు వేరే. గతంలో ఇక్కడ వైద్యం చేయించుకున్నవాళ్ళకు సగం రాయితీ ఇవ్వడం ధర్మం. అయితే పాత ఓపీ చీటీ అసలుదే తేవాలి. జిరాక్స్ అయితే గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి.