వాళ్లమ్మకు ఎవరు చెబుతారు?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ధర్మరాజుల గుడి ముందు భారతం మొదలైందంటే ఊళ్లకు ఊళ్లు అక్కడే ఉంటాయి. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. పుత్తూరులో, శ్రీకాళహస్తిలో నిప్పులు తొక్కే భక్తుల గురించి పత్రికలు ఏటా రాస్తాయి. నా మనసు మాత్రం పొద్దున మట్టిలో పడుకున్న దుర్యోధనుడి దగ్గరే ఆగిపోతుంది.

తడిమట్టితో నేలమీదే మలిచిన మనిషి. వెల్లకిలా పడుకుని ఉంటాడు. ముఖానికి రంగులు, కోరమీసం. ఆ మట్టి చుట్టూ వేషగాళ్లు పరుగెడుతుంటే పిల్లలు కేకలు వేస్తారు. ఒకసారి, భీముడి గద తొడమీద పడగానే, నా పక్కనున్న ముసలావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అన్ని రోజులూ దుర్యోధనుణ్ణి నోరారా తిట్టిన మనిషి. “వాడు చావాలనే కదవ్వా అన్నావు?” అని అడిగాను. “అన్నాను నాయనా. వాళ్లమ్మకు ఎవరు చెబుతారు?” అంది.

దాయాదుల యుద్ధంలో ఇంటికి కట్టుబడింది ఎవరో, ఇంటిని వదిలేసింది ఎవరో తేల్చెయ్యాలని మనకు తొందర. భారతం అంత తేలిగ్గా తేల్చదు. వికర్ణుడు నిండుసభలో ద్రౌపది పక్షాన నోరెత్తాడు. యుద్ధం వచ్చేసరికి అన్న వైపే నిలబడి భీముడి చేతిలో చచ్చిపోయాడు. యుయుత్సుడూ ధృతరాష్ట్రుడి కొడుకే. యుద్ధం మొదలయ్యే వేళ పాండవుల వైపు వెళ్లిపోయాడు. ఒకణ్ణి పిరికివాడని, ఇంకొకణ్ణి ద్రోహి అని అనడానికి నాకు నోరు రాదు. చివరికి ధృతరాష్ట్రుడికి మిగిలిన కొడుకు ఆ వెళ్లిపోయినవాడే.

తిక్కన తెలుగు చేసిన 15 పర్వాల్లో స్త్రీపర్వం చిన్నది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలచివేసేది కూడా అదే. గాంధారి శవాల మధ్య నడుస్తూ నూరుగురు కొడుకుల కోసం ఏడుస్తుంది. శత్రువుల బిడ్డ అభిమన్యుణ్ణి, అతని మీద పడి ఏడ్చే ఉత్తరను చూసి కూడా ఏడుస్తుంది. తర్పణాల వేళ కుంతి నోరు విప్పుతుంది: కర్ణుడు మీ అన్న, అతనికీ నీళ్లు వదలండి అని. గెలిచినవాళ్ల తల్లి సైతం బిడ్డను నా బిడ్డ అని చెప్పుకోవడానికి అతను చచ్చిపోయేదాకా ఆగింది. పక్షం ముందు, పేగుబంధం తరువాత అని యుద్ధం అందరికీ నేర్పుతుంది. అదే దాని అసలు క్రూరత్వమని నా నమ్మకం.

సముద్రానికి అవతల శ్రీలంకలో ఇదే జరిగింది. ప్రత్యేక దేశం కోసం పోరాడిన తమిళ పులులకు, ప్రభుత్వానికి మధ్య 1983లో మొదలైన యుద్ధం 2009 మేలో ముగిసింది. ఉత్తరాన వన్ని ప్రాంతంలో పులులు యుద్ధానికి ఇంటికొకరిని పంపమన్నారు, పంపని ఇళ్ల నుంచి పిల్లల్ని బలవంతంగా లాక్కుపోయారు. యుద్ధం చివరి రోజుల్లో ప్రభుత్వ మాట నమ్మి, కొందరు తమవాళ్లను తమ చేతులతోనే సైన్యానికి అప్పగించారు. వాళ్లు తిరిగి రాలేదు. ఆ తరువాత, పోయినవాళ్ల కోసం దీపం పెట్టినా పులులను పొగిడినట్టే చూసింది ప్రభుత్వం. యుద్ధం చివర్లో ముళ్లివాయ్క్కాల్ అనే చోట చనిపోయిన తమిళుల కోసం జాఫ్నా విశ్వవిద్యాలయంలో కట్టిన స్మారకాన్ని 2021 జనవరిలో కూల్చేశారు. విద్యార్థులు నిరాహారదీక్షకు కూర్చున్నాకే దాన్ని మళ్లీ కట్టారు. గెలిచినవాడు ఓడినవాడి తల్లిని ఏడవనివ్వకపోతే ఆ యుద్ధం ముగిసిందని నేను ఒప్పుకోలేను. మన పల్లెల్లో దుర్యోధనుడికి దక్కిన కన్నీటిచుక్క అక్కడ నేరమైంది.

2017 ఫిబ్రవరిలో వన్నిలోని కిలినొచ్చి పట్టణంలో తల్లులు, తిరిగి రాని బిడ్డల ఫొటోలు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు. ఏళ్లు గడిచాయి. ఫొటోల్లోని పిల్లల వయసు పెరగలేదు, వాటిని పట్టుకున్న చేతులు ముడతలు పడ్డాయి. ఎదురుచూస్తూనే కొందరు కన్నుమూశారు. బిడ్డ బతికున్నాడో లేడో వాళ్లకు చివరిదాకా ఎవరూ చెప్పలేదు.