సోమవారం ఢిల్లీ, శుక్రవారం హైదరాబాద్

దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి, ధాన్యం డబ్బులు చేతికొచ్చి, కాలువలకు నీళ్లు ఆపేశాక గోదావరి డెల్టాలో ఇళ్లకు కాస్త తీరిక దొరుకుతుంది. పిల్లలకూ సెలవులే. రాజమండ్రిలోనో సామర్లకోటలోనో రైలెక్కి ఢిల్లీ చూసి వద్దామని కుటుంబాలు బయల్దేరేది అప్పుడే. తీరా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది రాష్ట్రపతి భవన్‌ను గేటు బయట నుంచి చూసి, ఒక ఫొటో దిగి వెనక్కి వస్తున్నారు. లోపలికి వెళ్లవచ్చనీ, అందుకు ఆన్‌లైన్‌లో ముందే స్లాట్ తీసుకోవాలనీ వాళ్లకు చెప్పినవారు లేరు.

ప్రజల సొమ్ముతో కట్టిన భవనాలివి. చూడటానికి తలుపులు తెరిచారు కూడా. ఆ కబురు మాత్రం పల్లె దాకా రావడం లేదు. భద్రత నిబంధనల మీద మాకు పేచీ లేదు. అవేమిటో రైలెక్కక ముందే తెలియాలన్నదే మా వాదన.

అన్నిటికన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది వారపు సెలవు. ఢిల్లీలో నేషనల్ మ్యూజియం, తీన్‌మూర్తి దగ్గరి ప్రధానమంత్రి సంగ్రహాలయ, రైలు మ్యూజియం, ఎర్రకోట అన్నీ సోమవారం మూసి ఉంటాయి. రాష్ట్రపతి భవన్ సందర్శనకూ సోమవారం సెలవే. ఆదివారం రాత్రి దిగినవాళ్లకు మర్నాడంతా వృథా అన్నమాట. ఆ రోజుకు కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి, ఇండియా గేట్ పక్కన 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం పెట్టుకుంటే సరిపోతుంది. ఢిల్లీతో పాటు ఆగ్రా కలుపుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది శుక్రవారం, ఆ రోజు తాజ్‌మహల్ సందర్శకులకు ఉండదు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికీ శుక్రవారమే సెలవు. అదే ఊళ్లో బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికేమో సోమవారం! 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా తెరుస్తున్న ఆ నిలయాన్ని రాష్ట్రపతి విడిదికి వచ్చిన రోజుల్లో మాత్రం చూడనివ్వరు. టూర్ ప్యాకేజీ అమ్మే ట్రావెల్స్ వాళ్లకు ఇవన్నీ కంఠతా వచ్చి ఉండాలి. అయినా డబ్బు కట్టేముందు ఏ రోజు ఏది చూపిస్తారో కాగితం మీద రాయించుకోవడం మంచిది.

పార్లమెంటు సంగతి వేరు. సభ జరుగుతుండగా గ్యాలరీలో కూర్చుని చూడాలంటే ఎంపీ సిఫారసుతో పాస్ తెచ్చుకోవాలి. 2023 డిసెంబరు 13న ఇద్దరు గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకాక తనిఖీలు బాగా బిగించారు. ఢిల్లీలో దిగాక ఎవరికో ఫోన్ చేస్తే దొరికే పాస్ కాదది. పైగా మే నెలలో సాధారణంగా సమావేశాలే ఉండవు. సభ చూడాలన్న కోరిక ఉన్నవాళ్లు వర్షాకాల సమావేశాలకో, డిసెంబరుకో వెళ్లాలి. డెల్టా వాళ్లకు ఆ కోరిక ఉండటం సహజమే. అమలాపురం నుంచి గెలిచిన జీఎంసీ బాలయోగి 1998 నుంచి 2002లో చనిపోయేదాకా లోక్‌సభ స్పీకర్‌. పార్లమెంటు లైబ్రరీ భవనంలో ఆడిటోరియానికి ఆయన పేరే పెట్టారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ రాజ్యాంగ సభ సభ్యురాలు. వాళ్లు కూర్చున్న పాత భవనం పేరు ఇప్పుడు సంవిధాన్ సదన్. కొత్త భవనాన్ని 2023 మే 28న ప్రారంభించారు. మన పిల్లలకు ఈ మాట పాఠంలో చెప్పడం కన్నా ఆ ఆవరణ ముందు నిలబెట్టి చెప్తే బాగా ఎక్కుతుంది.

ఇక సంచులు. డెల్టా వాళ్లు ఊరు దాటితే ఆవకాయ సీసా, పూతరేకుల డబ్బా వెంట ఉండాల్సిందే. కాదనం. కానీ వాటిని స్కానర్ దాకా మోసుకెళ్లొద్దు, లాడ్జిలోనే వదిలేయండి. పవర్ బ్యాంకు, చాకు, అగ్గిపెట్టె కూడా అంతే. ఒరిజినల్ గుర్తింపు కార్డు ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, జిరాక్స్‌ను నమ్ముకోవద్దు. టికెట్ ఫోన్‌లో ఉంది కదా అనుకుంటే కష్టం, కొన్నిచోట్ల ఫోన్ కౌంటర్‌లో పెట్టి వెళ్లమంటారు. ప్రింటు తీసుకోవాలి. ఫోన్లు లేకుండా పెద్దవాళ్లు తప్పిపోతే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. బయట ఎక్కడ కలుసుకోవాలో లోపలికి వెళ్లకముందే చెప్పుకోండి.

‘ఈరోజు మూసేశారు, ఇంకోచోటు చూపిస్తా’ అనే ఆటోవాలా మాట వినొద్దు. ఆ ఇంకోచోటు తరచూ బట్టల దుకాణమే అవుతుంది. గేటు దాకా వెళ్లి కనుక్కోండి.

రోజుకు రెండు చోట్లు చాలు. నేషనల్ మ్యూజియంలో మొహంజొదారో నాట్యకత్తె కంచు బొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లే. హడావుడిగా నడిచేవాళ్లకు అది కనపడదు. సాలార్‌జంగ్‌లో గంటలు కొట్టే బొమ్మ గడియారం ముందు పన్నెండింటికి జనం కిక్కిరిసిపోతారు. అరగంట ముందే చేరితే కూర్చుని చూడొచ్చు. మే నెల ఎండలో ముసలివాళ్లను కర్తవ్యపథ్ పొడవునా నడిపించడం మాత్రం మాకు సమ్మతం కాదు. పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నం మ్యూజియం నీడలో గడపాలి.

కాకినాడ, అమలాపురం, రాజమండ్రి, నరసాపురం, ఏలూరు ఎంపీల కార్యాలయాలు చేయగలిగిన పని ఒకటుంది. పాస్‌కు ఎప్పుడు, ఎలా అడగాలో, ఏ భవనానికి ఏ రోజు సెలవో తెలుగులో ఒక పేజీ వేసి ప్రతి గ్రామ సచివాలయం గోడకూ అంటించాలి. పర్యాటక శాఖ ఆ పేజీని రైల్వే స్టేషన్లలో పెట్టించాలి. పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లే హైస్కూళ్లకు సెలవులకు నెల ముందే పంపాలి. వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

అమరావతిలో 2025 మేలో రాజధాని నిర్మాణ పనులు మళ్లీ మొదలయ్యాయి. అక్కడి శాసనసభకు, సచివాలయానికి చూడ్డానికొచ్చే రైతు ఎటునుంచి లోపలికి రావాలి, సంచి ఎక్కడ పెట్టాలి, ఎండలో ఎక్కడ ఆగాలి, తెలుగులో ఎవరు చూపిస్తారు అన్నవి గోడలు లేవకముందే ప్లాన్‌లో తేల్చాలని కోరుతున్నాం.